ఉప్పు కుప్పల పలక

"అవునని చెప్పేదానికే నిన్ను పిలిపించినాను నాయనా. కాదని చెప్పేవాళ్ళు ఊళ్ళో చానామంది ఉండారు."

ఈ మాట అని రెబెక్కమ్మ తడుముకుంటూ మజ్జిగ గ్లాసు నా వైపు జరిపింది. నెల్లూరు ట్రంకు రోడ్డులో 'డిటెక్టివ్ కామాక్షయ్య' అని బోర్డు తగిలించిన నాటి నుంచీ నా దగ్గరికి రకరకాల కక్షిదారులు వచ్చారు. జవాబు ముందే తయారు చేసుకుని ప్రశ్న మాత్రం నా చేతికిచ్చింది ఈవిడ ఒక్కతే.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోట మధ్యలో ఆమెది ఒంటి ఇల్లు. పక్కిల్లు లేదు. సరుగుడు హోరు వింటే బయట ఎవరో వచ్చినట్టే ఉంటుంది. లేచి చూస్తే ఎవరూ ఉండరు.

సంగతి ఇది. ముప్పై ఏళ్ళ నాడు ఆమె ఒక్కగానొక్క తమ్ముడు తిమోతి ఒక దొర దగ్గర కారు డ్రైవరుగా కుదిరి తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికాకు వెళ్ళాడు. అక్కడి అడవి మృగాలను, పక్షులను ఫొటోలు తీయడం ఆ దొర పని. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, పేరు కూడా టాంజానియాగా మారింది, దొర తన దారిన తాను పోయాడు. తిమోతి బొంబాయిలో ఓడ దిగి, మద్రాసు మీదుగా పోయిన నెలలో అక్క ఇంటికి చేరాడు. చేరినవాడు తిమోతేనా, కాదా? అదే ప్రశ్న.

రేపు ఉదయం ఆమె ఇల్లూ తోటా అతని పేర రిజిస్టరు చేయబోతోంది. తోట అమ్మి మద్రాసులో ఆమెకు కళ్ళ ఆపరేషన్ చేయిస్తానని అతని మాట. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎదుట మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ముఖం తెలియదు.

"గొంతు గుర్తుపట్టలేదా అమ్మా?"

"పొయ్యేనాటికి వాడికి మీసం గూడా సరిగా మొలవలా. ముప్పై ఏళ్ళకు గొంతు అట్టే ఉంటదా?"

"ఊళ్ళో వాళ్ళేమంటారు?"

"సగం మంది అవునన్నారు, సగం మంది కాదన్నారు. విందు పెట్టిన రోజు అందరూ అవుననే అన్నారు" అని నవ్వింది.

"మరి మీకు అనుమానం ఎందుకొచ్చింది?"

ఆమె పైట చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"అనుమానం అని నేననలా. వాడు రాకముందు ఈ ఇంట్లో ఒంటరిదాన్నే. వాడొచ్చినాక గూడా అట్టనే ఉండాది. కంచం ఎదురుగా ఇంకో కంచం ఉండాది, మాటకు మాట చెప్పే మనిషుండాడు, అయినా అట్టనే ఉండాది. అదెట్టా నాయనా?"

 నా భార్య పోయిన తరువాత నేను కూడా గది తాళం తీసే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటూ ఉంటాను, లోపల ఎవరూ లేరని తెలిసీ. ఈవిడకు 'అవును, మీ తమ్ముడే' అని చెప్పి తిరుగు బస్సు ఎక్కాలని నాకెంత ఆశగా అనిపించిందో చెప్పలేను. కానీ అవునో కాదో తేల్చడం నా పని, ఓదార్చడం కాదు.

"ఆఫ్రికా సంగతులు ఏమైనా చెబుతాడా?"

ఆమె ముఖం వికసించింది. వయసులో ఉన్నప్పుడు ఆమె మిషను తరఫున ఊరూరా తిరిగి, మేజిక్ లాంతరులో గాజు పలకలు పెట్టి, సువార్త బొమ్మలు గోడమీద చూపిస్తూ కథలు చెప్పేది. అప్పుడు లాంతరు మోసింది చిన్న తిమోతే. ఆ లాంతరుకు సరిపోయే కొలతలో దొర చేత పలకలు చేయించుకుని ఒక పెట్టె నిండా తెచ్చాడట.

"మొదటి వారం జొరమని పెట్టె తియ్యనే లేదు. అడిగితే, మనసు బాగలేదక్కా అన్నాడు. ఆ తర్వాత అప్పుడప్పుడు నాలుగైదు పలకలు గుడ్డలో చుట్టుకోని గూడూరు పోతాడు. అంచులకు నల్ల కాగితం ఊడిపొయ్యిందంట, స్టూడియోలో అంటించాలంట. మర్నాడొస్తాడు. వచ్చినాక వింటే నీకే తెలుస్తాది! సింహాలు చెట్టెక్కి కొమ్మల మీద పడుకుంటాయంట. మండే ఎండలో గూడా ఒక కొండ నెత్తిన మంచుంటాదంట. నాకు బొమ్మ కనపడకపోయినా వాడు చెప్తాంటే కళ్ళకు కట్టినట్టే ఉంటాది."

"పలకలు తీసుకుపోని రోజున ఎప్పుడైనా చెప్పాడా?"

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "లేదే" అంది మెల్లిగా.

ఆ రోజు ఆదివారం, అతను ఇంకా చర్చి నుంచి రాలేదు. ఆ కాస్త వ్యవధిలో నేను వరండా పని పట్టాను. మూలన అతని బూట్లు ఉన్నాయి. అంచుల చుట్టూ నల్లటి అడుసు ఎండి అట్టకట్టింది. అడుసులో గోరంత నత్తగుల్లలు. ఈ ఇంటి చుట్టూ ఉన్నది తెల్ల ఇసుక. గూడూరు రోడ్డు మీద ఉన్నది ఎర్ర దుమ్ము. ఈ నల్ల అడుసు ఏదో ఉప్పునీటి సరస్సు ఒడ్డుది.

తరువాత ట్రంకు పెట్టె. ఓడ కంపెనీ కాగితం, బొంబాయి కాగితం, వాటి అడుగున సగం చినిగిన రైలు లగేజీ చీటీ. దాని మీద దిగిన స్టేషను పేరు: దొరవారిసత్రం.

మద్రాసు నుంచి వచ్చేవాడు వాకాడు పోవాలంటే నాయుడుపేటలోనో గూడూరులోనో దిగాలి. పులికాట్ సరస్సు పక్కనున్న దొరవారిసత్రంలో ముందే దిగే అవసరం ఏముంది?

చీటీ ఇంకా నా చేతిలో ఉండగానే జీపు వచ్చి ఆగింది. దిగినవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హజరత్తయ్య. ఆయన వెనకే ఖాకీ చొక్కా, నెరిసిన గడ్డం, చంకలో బైబిలు ఉన్న మనిషి దిగాడు. అతనే తిమోతి, లేదా తనను తిమోతి అనుకోమంటున్నవాడు.

"ఏమయ్యా కామాక్షయ్యా, ట్రంకు పెట్టెలు వాసన చూసే ఉద్యోగం ఎప్పుడిచ్చినారు నీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పోలీసులు వాసన చూడడం మానేసిన రోజున, ఇన్‌స్పెక్టర్ గారూ."

"ఈ కేసు నేను చూసేసినా. ఊళ్ళో వాళ్ళు అర్జీ పెట్టినారు, పాస్‌పోర్టు తెప్పించినా, చూసినా, సరే అన్నా. ఇంక దీంట్లో నీకు మిగిలిందేం లేదు."

"పాస్‌పోర్టులో ఫొటో ఎలా ఉంది?"

"గడ్డం ఉండాది. ఈయనకూ గడ్డం ఉండాది."

"మేకకు కూడా ఉంటుంది."

హజరత్తయ్య ముఖం కందగడ్డ అయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆయన. ఒకసారి సరే అన్న తరువాత నాలుగో కాలు కళ్ళ ముందు ఆడించినా లెక్కపెట్టడు. అయినా అన్యాయంగా మాట్లాడకూడదు, లంచం ముట్టే మనిషి కాదు.

నేను గడ్డం మనిషి వైపు తిరిగాను. "దొరవారిసత్రంలో ఎందుకు దిగారండీ?"

"నిద్రమత్తులో స్టేషను పొరపాటు పడినా. తర్వాత బండికి మళ్ళీ ఎక్కినా." తడుముకోలేదు.

"బూట్ల అడుసు?"

"గూడూరు బస్సు కాలవలో దిగబడింది. అందరం దిగి నెట్టినాం."

"విన్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇంకేమన్నా ఉండాయా ప్రశ్నలు?"

"ప్రశ్నలు లేవు. బొమ్మలు చూడాలని ఉంది" అన్నాను. "ఆఫ్రికా చూసే అదృష్టం మనకెలాగూ లేదు. మీరూ కూర్చోండి."

గడ్డం మనిషి క్షణం తటపటాయించాడు. కానీ రెబెక్కమ్మ అప్పటికే లేచింది. "పెట్టు నాయనా, మిగిలిన పలకలు గూడా నిన్ననే తెచ్చినావు గదా" అంది సంబరంగా.

కిటికీలకు గోనెపట్టాలు కట్టాము. మధ్యాహ్నమే అయినా గది చీకటైపోయింది. లాంతరులో కిరసనాయిలు దీపం వెలిగించి, సున్నం గోడకు ఎదురుగా బల్లమీద పెట్టాడు అతను. రెబెక్కమ్మ గోడకు దగ్గరగా పీట వేసుకుని, కనిపించని బొమ్మ వైపు ముఖం ఎత్తి కూర్చుంది.

ఒక్కొక్క పలకా వచ్చింది. నలుపు తెలుపు బొమ్మలే అయినా ఊపిరి బిగబట్టి చూశాను. మేఘాల పైన తేలుతున్నట్టు మంచుకొండ. పళ్ళెం ఆకారంలో దిగబడిన పెద్ద లోయ, దాని అడుగున వేల జంతువులు. "అది ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం నోరు. ఏనుగులు, ఖడ్గమృగాలు, సింహాలు అన్నీ దాంట్లోనే కాపురం" అన్నాడతను. మరో పలకలో నది దాటుతున్న అడవి దున్నల లాంటి మంద, కనుచూపు మేరా అవే. "వానల వెంట పోతాయి. ఏటేటా అదే దారి. మొసళ్ళు కాసుకోని ఉంటాయి, అయినా దాటక మానవు."

బాగా చెప్పాడు. మరీ బాగా చెప్పాడు. చూసినవాడు ఒక్కోసారి తడబడతాడు, ముందుది వెనకా వెనకది ముందూ చెబుతాడు, అడక్కుండానే ఏదో గుర్తొచ్చి నవ్వుతాడు. ఇతను ఒప్పజెబుతున్నాడు. "ఆ నది దగ్గర వాసన ఎలా ఉంటుంది?" అని అడిగాను. "బాగానే ఉంటాది" అన్నాడు. అంత మంద చచ్చి కుళ్ళే నది వాసన బాగానే ఉంటుందట.

అప్పుడు ఆ పలక వచ్చింది.

చదునైన నేల. దాని నిండా బోర్లించిన కుండల్లా వందలకొద్దీ కుప్పలు. దూరంగా నీటి గీత. జంతువు లేదు, పక్షి లేదు, మనిషి లేడు. అంత బోసిగా ఉన్న బొమ్మ నేనెప్పుడూ చూడలేదు.

"ఇదేం బొమ్మ నాయనా?" అంది రెబెక్కమ్మ.

"ఉప్పు కుప్పలక్కా. ఆ సరస్సు నీళ్ళు ఉప్పే. నీళ్ళెండినాక కూలోళ్ళు ఇట్ట కుప్పలు పోస్తారు."

"అచ్చం మన కృష్ణపట్నం ఉప్పు కొఠార్ల మాదిరే ఉండాయి" అని ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. ఈ తీరంలో పుట్టినవాడెవడైనా అలాగే తల ఊపుతాడు. నీటి ఒడ్డున తెల్లటి కుప్ప కనిపిస్తే మన కళ్ళకు ఉప్పు తప్ప మరొకటి తోచదు. నేనూ ఊపబోయాను.

కానీ కుప్పల తలలు నన్ను ఆపాయి. ఉప్పు పైనుంచి పోస్తారు, కాబట్టి కుప్ప కొస మొనదేలుతుంది. వీటి తలలు చదునుగా ఉన్నాయి.

"లాంతరు కాస్త వెనక్కి జరపండి" అన్నాను.

"ఎందుకు? దీపం కొండెక్కుతాది" అన్నాడతను. నేనే లేచి బల్లతో సహా వెనక్కి లాగాను. బొమ్మ గోడంతా పరుచుకుంది. దగ్గరికి పోయి చూశాను. ముందు వరసలో ఒక కుప్ప పక్కన బూటు ముద్ర పడి ఉంది. దానితో పోలిస్తే కుప్ప ఎత్తు మోకాలికి కూడా రాదు. మోకాలెత్తు ఉప్పు కుప్పలు పోసే కూలీ ఏ దేశంలో ఉంటాడు? ఆ కుప్ప తల చదును కూడా కాదు, అరచేత్తో నొక్కినట్టు గుంటపడి ఉంది. గుంటలో తెల్లగా, నున్నగా ఒకటి.

"రెబెక్కమ్మగారూ, ఇవి ఉప్పు కాదు" అన్నాను. "బురదతో కట్టినవి. ఒకదాని నెత్తిన గుంటలో గుడ్డు ఉంది."

ఆమె పీట మీద నుంచి లేచింది.

"గుడ్డా? సరిగా చూడు నాయనా. పక్కన ఈక ఏమన్నా పడుండాదా?"

"ఉంది. బురదకు అంటుకుని ఉంది."

ఆమె గోడ దగ్గరికి వచ్చి రెండు చేతులూ దాని మీద ఆనించింది. బొమ్మ ఆమె చేతుల మీదా, నెరిసిన జుట్టు మీదా పడింది. ఆమె వేళ్ళు సున్నం మీద ఆ కుప్పలను వెతుకుతున్నాయి.

"మా నాయన దొరవారిసత్రంలో మిషను ఉపదేశిగా ఉన్నప్పుడు మేం చిన్న పిలకాయలం" అంది. ఎవరితో చెబుతోందో తెలియదు. "చలికాలంలో సరస్సు నిండా రాజహంసలు దిగేటియి. వాటెంట బూడిదరంగు పిల్లలు గూడా వచ్చేటియి. గూడబాతులకు చెట్ల మీద గూళ్ళుండాయి, కొంగలకుండాయి. హంస గూడు మాత్రం ఈ సరస్సులో తాతల నాటి నుంచి ఎవరూ చూడలా. హంస గుడ్డు యాడ పెడతాదక్కా, గూడు ఎట్టుంటాదక్కా అని వాడు నా ప్రాణం తీసేవాడు. ఒకరోజు విసుక్కోని, పోరా, పోయి కనుక్కోని వచ్చి నాకు చూపించు అన్నా." ఆమె అరచేతులు గోడకు అదిమింది. "ఇయ్యే ఆ గూళ్ళు. కనుక్కున్నాడు. కనుక్కోని, బొమ్మ తీయించుకోని, ఇన్నేళ్ళు దాచిపెట్టుకోని తెచ్చినాడు."

 దొరవారిసత్రం చీటీ నాకప్పుడు అర్థమైంది. అక్క దగ్గరికి వస్తూ, చిన్నప్పటి హంసలను ఒకసారి చూసి పోదామని దిగాడు తిమోతి. ఇల్లు చేరకముందే.

రెబెక్కమ్మ వెనక్కి తిరిగింది. లాంతరు పక్కనున్న నీడ వైపు చూసింది.

"నా తమ్ముడైతే పెట్టె తీసీ తీయకముందే ఈ పలక చూపించుండేవాడు. నువ్వు ఉప్పు కుప్పలన్నావు. నువ్వెవరివి నాయనా?"

కోపంగా అనలేదు. 'నాయనా' అనే అంది. బహుశా అందుకే అతని నిబ్బరం చెదిరిపోయింది.

"ఉప్పు కుప్పలని ఆయనే గదా చెప్పినాడు!"

అన్న మరుక్షణం నోరు మూసుకున్నాడు. కానీ మాట పెదవి దాటితే పృథివి దాటినట్టే.  గోనెపట్టా లాగి పారేశాను. ఎండ లోపలికి దూకింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, తలుపు" అన్నాను. "ఈయన పలకలు పట్టుకుని పోయింది గూడూరు స్టూడియోకి కాదు. ఒక్కొక్క బొమ్మా చూపించి, అదేమిటో అసలు తిమోతి చేత చెప్పించుకుని, ఇక్కడికొచ్చి ఒప్పజెప్పాడు. ఆఖరి పలకలు తెచ్చింది నిన్న. అంటే నిన్నటికి తిమోతి బతికే ఉన్నాడు. అన్ని పలకలకూ నిజం చెప్పి, ఈ ఒక్కదానికీ అబద్ధం చెప్పాడు. ఈయన నోటితోనే అక్కకు కబురు పంపాడు."

రెబెక్కమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

హజరత్తయ్య టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ఒక్క అంగలో వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు. ఆ క్షణాన నాకాయన మీద గౌరవం పుట్టింది. మూడు కాళ్ళ కుందేలును అంత త్వరగా వదిలేసేవాళ్ళు అరుదు.

"యాడ పెట్టినావురా ఆయన్ను?"

"సరస్సులో, దిబ్బ మీద" అన్నాడతను. గొంతులో భక్తి పోయింది, భయం కూడా లేదు. "మద్రాసు నుంచి రైల్లో పక్కన కూచున్నా. అక్క, తోట, పలకలు... అన్నీ ఆయనే చెప్పినాడు. హంసలు చూపిస్తానంటే నా పడవ ఎక్కినాడు. కొట్టలేదు, చంపలేదు. చుట్టూ ఉప్పునీళ్ళు. తాగేదానికి మంచినీళ్ళు నేను తీసుకోని పోతేనే. పలకకొక ముంత."

"ఏ దిబ్బ?"

"కుండలో నీళ్ళు నిన్న సగానికి తక్కువే ఉన్నాయి. ఈ ఎండకు ఈ పాటికి అడుగంటుంటాయి." అతను నా వైపు చూసి నవ్వాడు. "రేపు రిజిస్టరు అయినాక చెప్తా. నన్ను కొట్టుకుంటారా, కొట్టుకోండి. ఆ సరస్సులో దిబ్బలెన్నో మీలో ఎవురికన్నా తెలుసునా?"

ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తాడు. నేను పట్టుకుని ఆపాను. వీడు దెబ్బలకు లొంగే రకం కాదు, కాలయాపనే వీడి ఆయుధం. దొరవారిసత్రం చేరేసరికే పొద్దు వాలుతుంది. జాలర్లు మసిలే దిబ్బల్లో దాచి ఉండడు. మనిషి అడుగుపెట్టని దిబ్బలు ఆ నీళ్ళలో ఎన్ని ఉన్నాయో, ఒక్కొక్కటీ వెతికే లోపల దాహంతో ఉన్నవాడు ఎంతసేపు ఓర్చుకుంటాడో నాకు తెలియదు. ఒక మనిషిని కనుక్కున్న అరగంటలోనే పోగొట్టుకోబోతున్నామని భయం వేసింది. ఆ భయం నేను దాచుకోలేకపోయాను కూడా.

రెబెక్కమ్మ అవేమీ వింటున్నట్టు లేదు. లాంతరు దగ్గరికి వచ్చి, వేడెక్కిన పలకను చెంగుతో పట్టి తీసింది. దాన్ని గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుంది. మూలనున్న మంచినీళ్ళ కూజా రెండో చేత్తో అందుకుంది.

"జీపు యాడుండాదో చెయ్యి పట్టుకోని చూపించు నాయనా" అంది నాతో.

"అమ్మా, ఏ దిబ్బో తెలియకుండా..."

"మనిషి మసిలే చోట రాజహంస వాలదు. చిన్నప్పుడు వాడూ నేనూ ఎన్నిసార్లు పాక్కుంటా పోయి చూడలా! ఇది హంసలు దిగే కాలమే, ఇప్పుడు సరస్సు నిండా అవే ఉంటాయి." ఆమె గడప దాటింది. "హంసలు యాడుండాయో చూడబాకండి. యాడ లేవో చూడండి. నా తమ్ముడు ఆడుంటాడు."